ఎలగందుల కోట కోసం ఇద్దరు తుర్కుల పోరు.. గోల్కొండ తొలి మాలిక్ సుల్తాన్ కులీ కథ తెలుసా?

కరీంనగర్ నుంచి సిరిసిల్ల రోడ్డు పట్టుకుని కాస్త దూరం వెళ్తే మానేరు ఒడ్డున ఎలగందుల కోట కనిపిస్తుంది. సెలవు రోజు వచ్చిందంటే చాలు.. కుర్రాళ్లు బైకులేసుకుని వెళ్తారు, రీల్స్ తీసుకుంటారు, వచ్చేస్తారు. కానీ ఒకప్పుడు ఇదే కోట కోసం ఇద్దరు తుర్కు సర్దార్లు తలపడ్డారన్న సంగతి చాలామందికి తెలియదు. అందులో ఓడినాయన గోదావరి దాటి బేరార్‌కు పారిపోయాడు. గెలిచినాయన వేసిన పునాది మీద తర్వాత 1687 వరకు గోల్కొండ రాజ్యం నడిచింది.

ఆ గెలిచినాయన పేరు సుల్తాన్ కులీ. చరిత్ర పుస్తకాల్లో కులీ కుతుబ్ షా. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీకి తాత. చాలామంది ఈ ఇద్దరినీ కలిపేస్తుంటారు. తాత కథ వేరు, మనవడి కథ వేరు. మనవడిది చార్మినార్, కవిత్వం. తాతది మాత్రం మొత్తం కత్తి, గుర్రం, కోటలే.

ఇంతకీ ఎవరీ సుల్తాన్ కులీ? ఎక్కడో ఇరాన్‌లో పుట్టినవాడు తెలంగాణకు ఎలా వచ్చాడు? అరవై ఏళ్ల పాటు యుద్ధాల్లో చావని మనిషి చివరికి మసీదులో నమాజు చేస్తూ ఎందుకు హత్యకు గురయ్యాడు? ఆ వివరాలు చూద్దాం.

రాజ్యం పోయింది.. ప్రాణం మిగిలింది

ఇరాన్‌లో హమదాన్ అనే ఊరు ఉంది. దానికి దగ్గర్లోని సాదాబాద్‌లో సుల్తాన్ కులీ పుట్టాడు. వీళ్లది తుర్కుమాన్ జాతి. అందులోనూ కారా కొయున్లు తెగ. ఆ మాటకు నల్ల గొర్రెల వాళ్లు అని అర్థం. పేరు చూసి గొర్రెల కాపరులే అనుకోవద్దు. ఒక దశలో ఇరాన్, ఇరాక్‌లలో పెద్ద భాగాన్ని ఏలిన వంశం అది. తబ్రీజ్ వాళ్ల రాజధాని.

అయితే వాళ్లకు బద్ధశత్రువులు ఉన్నారు. వాళ్లు ఆక్ కొయున్లు.. అంటే తెల్ల గొర్రెల వాళ్లు. 1467లో ఆక్ కొయున్లు నాయకుడు ఉజున్ హసన్ చేతిలో కారా కొయున్లు రాజు జహాన్ షా చనిపోయాడు. అంతే.. కొన్నేళ్లలోనే నల్ల గొర్రెల రాజ్యం లేకుండా పోయింది. గెలిచినవాళ్లు ఓడిన వంశంలోని మగపిల్లల మీద కన్నేశారు. ఈరోజు వదిలేస్తే రేపు పెద్దయ్యి రాజ్యం అడుగుతారన్న భయం.

సుల్తాన్ కులీ తండ్రి పేరు ఉవైస్ కులీ. కొడుకు అక్కడే ఉంటే బతకడని అర్థమైంది. దీంతో బాబాయి అల్లా కులీ వెంట అతడు ఇండియా బాట పట్టాడు. అప్పట్లో ఇరాన్ నుంచి దక్కన్‌కు రావడం కొత్తేమీ కాదు. దక్కన్ సుల్తాన్లకు మంచి గుర్రాలు కావాలి, గుర్రం మీద యుద్ధం చేయగలిగే మనుషులు కావాలి. రెండూ సముద్రం దాటి పడమటి రేవుల్లో దిగేవి. అలా ఈ బాబాయి, అబ్బాయి బీదర్ చేరారు.

అన్నట్టు.. ఆ పేరులో ఉన్న కులీ అనే తుర్కు మాటకు సేవకుడు అని అర్థం. సుల్తాన్ కులీ అంటే సుల్తాన్‌కు సేవకుడు. రాజవంశంలో పుట్టినవాడికి ఆ పేరు. విచిత్రంగా, ఆయన జీవితమంతా ఆ రెండు మాటల మధ్యే నడిచింది. సుల్తానా? సేవకుడా? ఈ ప్రశ్నకు చరిత్రకారులు ఇప్పటికీ ఒక్క మాట మీదకు రాలేదు.

కత్తి కంటే ముందు లెక్కల పుస్తకం

బీదర్‌లో అప్పుడు బహమనీ సుల్తాన్ల పాలన. మహమూద్ గవాన్ అనే గొప్ప మంత్రి ఉన్నంతకాలం రాజ్యం బాగానే నడిచింది. 1481లో ఆయన మీద దొంగ ఉత్తరం సృష్టించి చంపించారు. మరుసటి ఏడాది 1482లో మహమూద్ షా గద్దెనెక్కాడు. అప్పటికి అతడు పిల్లాడు. దర్బారులో రెండు వర్గాలు. ఒకటి ఎప్పటి నుంచో ఇక్కడే ఉన్న దక్కనీలు. రెండోది ఇరాన్, తుర్కు దేశాల నుంచి వచ్చిన ఆఫాకీలు. ఈ లోకల్, నాన్ లోకల్ గొడవ మామూలుగా లేదు. సుల్తాన్ కులీ రెండో బ్యాచ్ అన్నమాట.

కానీ అతడికి మొదట గుర్తింపు తెచ్చింది కత్తి కాదు. లెక్కలు! ఫరిష్తా అనే చరిత్రకారుడు రాసినదాని ప్రకారం సుల్తాన్ కులీకి లెక్కలు బాగా వచ్చు, రాత అందంగా ఉండేది. దీంతో అంతఃపురం వాళ్ల జాగీర్ల లెక్కలు చూసే పని అప్పగించారు. ఆ జాగీర్లు తెలంగాణలో ఉన్నాయి. అక్కడ దొంగల బెడద ఎక్కువై బీదర్‌కు పైసలు అందడం లేదు.

దీనికి సుల్తాన్ కులీ ఏం చేశాడు? పెద్ద సైన్యం కావాలని అడగలేదు. నేరుగా తెలంగాణకు వచ్చి స్థానిక జమీందార్లతో మాట్లాడాడు. కొందరిని తనవైపు తిప్పుకున్నాడు. వాళ్ల మనుషుల సాయంతోనే దొంగలను అణచేశాడు. ఈ నేల మీద రాజ్యం చేయాలంటే ఇక్కడివాళ్లను కలుపుకోవాల్సిందే అనే పాఠం అతడికి అప్పుడే తెలిసిపోయింది. గోల్కొండ రాజ్యం తర్వాతి కాలంలో తెలుగు నాయకుల మీద, నాయక్వాడీల మీద అంతగా ఆధారపడడానికి తొలి అడుగు ఇక్కడే పడింది అనుకోవచ్చు.

ఆ రాత్రి బీదర్ కోటలో..

1487లో ఒక రాత్రి బీదర్ కోటలో పెద్ద కుట్ర జరిగింది. కొందరు సర్దార్లు మనుషులతో రాజమహల్‌లోకి చొరబడ్డారు. సుల్తాన్ మహమూద్ షాను చంపేయాలన్నది ప్లాన్. ఆ సమయంలో దగ్గరున్న కొద్దిమంది తుర్కులు ప్రాణాలకు తెగించి అడ్డుపడ్డారు. సుల్తాన్‌ను బురుజు మీదకు చేర్చి సాయం వచ్చేదాకా కాచుకున్నారు. ఆ రాత్రి ప్రాణాలు నిలబెట్టిన వాళ్లలో సుల్తాన్ కులీ ఒకడు.

తెల్లారాక సీన్ రివర్స్ అయింది. సుల్తాన్ పగ తీర్చుకున్నాడు. బీదర్‌లో దక్కనీ వర్గం మీద ఊచకోత జరిగింది. బహమనీ రాజ్యం నడుం విరిగింది ఆ ఘటనతోనే అంటారు. కానీ సుల్తాన్ కులీకి మాత్రం అక్కడి నుంచి ఎదుగుదల మొదలైంది. ఖవాస్ ఖాన్ అనే బిరుదు వచ్చింది.

ఆ తర్వాత కొంకణ్ వైపు బహదూర్ గిలానీ అనే సర్దార్ తిరగబడ్డాడు. అతడి మీదకు వెళ్లిన సైన్యంలో అప్పటి తెలంగాణ తరఫ్‌దార్ కుతుబ్ ఉల్ ముల్క్ దక్కనీ ఉన్నాడు. జంఖండీ కోట ముట్టడిలో అతడు చనిపోయాడు. ఖాళీ అయిన ఆ బిరుదు సుల్తాన్ కులీకి దక్కింది. కుతుబ్ ఉల్ ముల్క్ అంటే రాజ్యానికి ఇరుసు లాంటివాడు అని అర్థం. కుతుబ్ షాహీ అనే వంశం పేరు పుట్టింది ఈ బిరుదు నుంచే. 1496 ప్రాంతంలో అతడు తెలంగాణ తరఫ్‌దార్ అయ్యాడు. గోల్కొండ జాగీరుగా వచ్చింది.

తరఫ్‌దార్ అంటే ఏంటి?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. తరఫ్‌దార్ అంటే ఇప్పటి గవర్నర్ లాంటి పదవే. కాకపోతే రాజ్‌భవన్‌లో కూర్చుని సంతకాలు పెట్టే గవర్నర్ కాదు. శిస్తు వసూలు చేసేది ఆయనే, సైన్యాన్ని పోషించేది ఆయనే, యుద్ధానికి వెళ్లేది ఆయనే. కలెక్టర్, ఎస్పీ, ఆర్మీ కమాండర్.. ముగ్గురూ ఒక్కరైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇలాంటివాళ్ల చేతిలో పవర్ పెరిగితే రాజుకే ముప్పు. ఈ సంగతి పసిగట్టిన మహమూద్ గవాన్ బతికున్నప్పుడే కొన్ని కట్టుబాట్లు పెట్టాడు. నాలుగు తరఫ్‌లను ఎనిమిది చేశాడు. తెలంగాణను వరంగల్, రాజమండ్రి అని రెండుగా విడదీశాడు. ఒక్కో తరఫ్‌దార్ చేతిలో ఒక్క కోటే ఉండాలన్నాడు. మిగతా కోటల కిలేదార్లను నేరుగా సుల్తానే నియమించాలన్నాడు. అవి ఎవరికీ నచ్చలేదు. ఆయన ప్రాణం పోవడానికి ఆ కోపం కూడా ఒక కారణం.

నిజానికి ఈ కథ దక్కన్‌దే కాదు. ఇస్లాం రాజ్యాల్లో చాలాచోట్ల ఇదే జరిగింది. 868లో బాగ్దాద్ ఖలీఫా తరఫున ఈజిప్టుకు వెళ్లిన తుర్కు సైనికాధికారి అహ్మద్ ఇబ్న్ తులూన్ అక్కడే సొంత రాజ్యం పెట్టుకున్నాడు. 962లో అల్ప్‌తెగిన్ అనే తుర్కు సేనాని గజనీలో పాగా వేశాడు. గజనీ మహమూద్ వంశం వచ్చింది ఆ దారిలోనే. 1206లో ఢిల్లీ గద్దెనెక్కిన కుతుబుద్దీన్ ఐబక్ కూడా మొదట గోరీ సుల్తాన్ తరఫున ఇక్కడ పనిచేసిన తుర్కు సేనానే. మధ్యలో రాజు బలహీనపడగానే అంచుల్లో ఉన్న సేనాని రాజవుతాడు. ఫార్ములా ఒక్కటే.

అయితే ఒక తేడా ఉంది. ఇబ్న్ తులూన్ తండ్రి, అల్ప్‌తెగిన్, ఐబక్.. వీళ్లంతా బానిసలుగా జీవితం మొదలుపెట్టినవాళ్లు. సుల్తాన్ కులీ బానిస కాదు. రాజ్యం పోగొట్టుకున్న రాజవంశీకుడు.

అందరూ రాజులయ్యారు.. ఈయన మాత్రం ఆగాడు

1490 వచ్చేసరికి బహమనీ రాజ్యం ముక్కలవడం మొదలైంది. అహ్మద్‌నగర్‌లో నిజాం షాహీలు, బీజాపూర్‌లో ఆదిల్ షాహీలు, బేరార్‌లో ఇమాద్ షాహీలు ఎవరికి వారే అయిపోయారు. బీదర్‌లో సుల్తాన్ ఉన్నా పెత్తనమంతా కాసిం బరీద్ అనే మరో తుర్కుది. సుల్తాన్ మహమూద్ షా సొంత కోటలోనే బందీ లాంటివాడు.

ఆ సమయంలో సుల్తాన్ కులీ కూడా తేలిగ్గా కిరీటం పెట్టుకోవచ్చు. కానీ పెట్టుకోలేదు. బీదర్‌లో ఉన్న సుల్తాన్‌కు డబ్బు, కానుకలు పంపుతూనే ఉన్నాడని చరిత్రలు చెప్తున్నాయి. దీనికి రాతి మీద సాక్ష్యం కూడా ఉంది. 1518లో గోల్కొండ కోట దగ్గర ఆయన కట్టించిన జామీ మసీదు శాసనంలో రాజుగా మహమూద్ షా పేరే ఉంది. తనను తాను ఆయన కొలువులోని మనిషిగానే చెప్పుకున్నాడు. ఆ ఏడాదే మహమూద్ షా చనిపోయాడు.

1512లోనే ఆయన స్వతంత్రుడయ్యాడని ఫరిష్తా రాశాడు. కుతుబ్ షాహీ ఆస్థాన చరిత్ర కూడా ఆయన్ని రాజనే అంటుంది. కానీ హెచ్.కె. షేర్వానీ లాంటి ఆధునిక చరిత్రకారులు శాసనాలు చూపించి కాదంటారు. షా అనే బిరుదు ఆయన తీసుకోలేదన్నది వారి వాదన. చేతిలో అంతా ఉండి కూడా పేరు మాత్రం మార్చుకోని మనిషి అన్నమాట.

ఇది విశ్వాసమా? తెలివా? రెండూ కావచ్చు. పేరుకు ఒక సుల్తాన్ పైన ఉన్నంతకాలం పక్క రాజ్యాలు దాడి చేస్తే తిరుగుబాటుదారులు వాళ్లే అవుతారు. కానీ ఒక్క మాట. 1487 రాత్రి ప్రాణాలకు తెగించి కాపాడింది ఈ సుల్తాన్‌నే. ఆ బంధాన్ని కూడా తీసిపారేయలేం.

గోల్కొండను మాత్రం తనకు కావాల్సినట్టు మార్చుకున్నాడు. కాకతీయుల కాలం నుంచి అక్కడ మట్టి కోట ఉంది. ముసునూరి కాపయ నాయకుడు దాన్ని బహమనీలకు వదులుకున్నాడు. సుల్తాన్ కులీ దాన్ని రాతి కోటగా కట్టించాడు. మహమ్మద్‌నగర్ అని పేరు పెట్టాడు. ఆ పేరు జనం నోట్లో నిలవలేదు. గొల్లకొండ గొల్లకొండే.

ఇక ఎలగందుల సంగతి..

రాచకొండ, దేవరకొండ, పానగల్లు, ఘనపురం, కోయిలకొండ.. ఒక్కో కోటా సుల్తాన్ కులీ చేతికి వచ్చింది. దక్షిణం సర్దుకుంది. మిగిలింది ఉత్తరం.

ఉత్తరాన ఎలగందుల, మొలంగూర్ వైపు కివాం ఉల్ ముల్క్ అనే మరో సర్దార్ ఉన్నాడు. ఇతడూ తుర్కే. ఇతడూ బహమనీలు పంపిన అధికారే. బీదర్‌లో సుల్తాన్ మాట చెల్లకపోవడంతో తన ప్రాంతంలో తానే రాజయ్యాడు. ఇద్దరిదీ ఒకే జాతి, ఒకే రకం ఉద్యోగం, ఒకే యజమాని. అయినా రెండు కత్తులు ఒక ఒరలో ఇమడలేదు.

ఎందుకంటే ఎలగందుల మామూలు చోటు కాదు. గుట్ట మీద కోట, కింద మానేరు. ఉత్తరాన గోదావరి. అది దాటితే ఇప్పటి ఆదిలాబాద్, నిర్మల్ అడవులు. ఆ అడవుల అవతల పెన్‌గంగ, మాహూర్ కోట, బేరార్ రాజ్యం. అంటే బేరార్ నుంచి సైన్యం దిగితే గోల్కొండకు ముందు తగిలేది ఈ కోటలే. ఉత్తర తెలంగాణ ఎవరి చేతిలో ఉంటే గోల్కొండకు అటువైపు తలుపు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

సుల్తాన్ కులీ దండెత్తాడు. కివాం ఉల్ ముల్క్ ఓడిపోయాడు. కోట వదిలి బేరార్‌లోని ఇమాద్ షా దగ్గరకు వెళ్లి శరణు కోరాడు. ఆశ్రయం ఇచ్చిన ఇమాద్ షాకు, గోల్కొండకు మధ్య రాయబారాలు నడిచాయి. తెగలేదు. చివరికి రామగిరి దగ్గర యుద్ధం జరిగింది. ఇప్పటి పెద్దపల్లి జిల్లా బేగంపేట దగ్గరున్న గుట్టల మీద కోట కనిపిస్తుంది చూడండి.. ఆ రామగిరే. ఆ యుద్ధంలో బేరార్ సైన్యం ఓడి వెనక్కి వెళ్లిపోయింది.

కివాం ఉల్ ముల్క్ పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. గెలిచి ఉంటే ఎలగందుల రాజధానిగా ఒక రాజ్యం ఉండేదేమో! ఒకే చోట నుంచి బయల్దేరిన ఇద్దరిలో ఒకరికి వంశం, రాజధాని, సమాధి మిగిలాయి. ఇంకొకరికి ఫార్సీ చరిత్రలో నాలుగు ముక్కలు మిగిలాయి.

ఒక చిన్న క్లారిటీ. ఎలగందుల కోటలో ఫొటోలకు ఫేమస్ అయిన జంట మినార్లు సుల్తాన్ కులీ కట్టించినవి కావు. అవి చాలా తర్వాత, ఆసఫ్‌జాహీల కాలంలో వచ్చాయి. జగిత్యాల కోట కూడా ఆ కాలానిదే. ఎలగందుల మాత్రం అప్పటికీ తన ప్రాధాన్యం పోగొట్టుకోలేదు. 1905 దాకా జిల్లా పేరు కూడా అదే. ఆ తర్వాతే కరీంనగర్ జిల్లా అయింది.

ముఖం మీద గాయం.. గుండెల్లో గాయం

ఉత్తరం సర్దుకున్నాక తూర్పు వంతు. వరంగల్, ఖమ్మం ప్రాంతంలో షితాబ్ ఖాన్ పేరుతో సీతాపతి రాజు ఏలుతున్నాడు. 1504 నాటి ఆయన శాసనం వరంగల్‌లో దొరికింది. సుల్తాన్ కులీ చేతిలో ఓడిన సీతాపతి, ఒడిశా గజపతుల అండ కోరాడు. ఆ పోరు కూడా గోల్కొండకే కలిసొచ్చింది. తీరాంధ్ర వైపు కూడా గోల్కొండ సైన్యం అడుగుపెట్టింది.

పడమర నుంచి బీజాపూర్ వచ్చిపడింది. ఇస్మాయిల్ ఆదిల్ షా కోయిలకొండను ముట్టడించాడు. ఆ పోరాటంలో సుల్తాన్ కులీ ముఖానికి కత్తి గాయమైంది. ఆ మచ్చ చివరిదాకా ఉండిపోయింది. 1534లో, ముట్టడి సాగుతుండగానే ఇస్మాయిల్ చనిపోవడంతో బీజాపూర్ సైన్యం వెనుదిరిగింది.

అన్ని దిక్కులా గెలిచాడు. ఇంట్లో మాత్రం ఓడిపోయాడు.

పెద్ద కొడుకు హైదర్ తండ్రి కంటే ముందే చనిపోయాడు. తర్వాతివాడు కుతుబుద్దీన్‌ను వారసుడిగా అనుకున్నాడు. ఇది మరో కొడుకు జంషీద్‌కు మింగుడుపడలేదు. తండ్రి చూస్తే ఎంతకీ గద్దె దిగడం లేదు. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్లు దాటాయని కుతుబ్ షాహీ చరిత్రలు చెప్తాయి.

1543 సెప్టెంబర్ 2. గోల్కొండ జామీ మసీదు. మహమూద్ షా పేరు చెక్కించి తాను కట్టించిన అదే మసీదులో వృద్ధుడు నమాజులో ఉన్నాడు. వెనక నుంచి కత్తి దిగింది. పొడిచింది గోల్కొండ కిలేదార్ మీర్ మహమూద్ హమదానీ. పొడిపించింది కొడుకు జంషీద్. హంతకుడి పేరు చివర ఉన్న హమదానీ అనే మాట చూశారా? సుల్తాన్ కులీ ప్రాణాలు దక్కించుకోవడానికి వదిలొచ్చిన ఊరు కూడా హమదానే.

జంషీద్ అక్కడితో ఆగలేదు. అన్న కుతుబుద్దీన్ కళ్లు పీకించాడు. చిన్న తమ్ముడు ఇబ్రహీం అప్పుడు దేవరకొండలో ఉన్నాడు. విషయం తెలిసి ముందు బీదర్‌కు, అక్కడి నుంచి విజయనగరానికి పారిపోయాడు. అళియ రామరాయలు ఆశ్రయం ఇచ్చాడు. తండ్రి ఇరాన్ నుంచి ఎలా పారిపోయి వచ్చాడో, కొడుకు గోల్కొండ నుంచి అలాగే పారిపోవాల్సి వచ్చింది. శత్రువుల వల్ల కాదు, సొంత అన్న వల్ల.

జంషీద్ ఏడేళ్లకు మించి ఏలలేదు. 1550లో జబ్బుతో చనిపోయాడు. ఇబ్రహీం తిరిగొచ్చి గద్దెనెక్కాడు. విజయనగరంలో ఉన్న ఏడేళ్లలో అతడికి తెలుగు మీద మక్కువ పెరిగింది. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఇతణ్నే. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఇతడికే. అలా ఒక హత్య వల్ల ఊరు విడిచిన కుర్రాడు తెలుగును వెంటబెట్టుకుని గోల్కొండకు తిరిగొచ్చాడు.

హీరోనా? విలనా?

సుల్తాన్ కులీని పొగడాలంటే చాలా ఉంది. తిట్టాలన్నా ఉంది. ఆయన యుద్ధాల్లో కోటలు పోగొట్టుకున్న తెలుగు రాజులు, నాయకులు ఉన్నారు. ఒక కోట చేయి మారిందంటే చుట్టుపక్కల ఊళ్లు ఎంత నలిగిపోయి ఉంటాయో చెప్పక్కర్లేదు. మరోవైపు కాకతీయుల తర్వాత ముక్కలుగా పడి ఉన్న తెలంగాణ కోటలను ఒక్క గొడుగు కిందకు తెచ్చింది కూడా ఆయనే. అది కూడా బయటి మనుషులతోనే కాకుండా ఇక్కడి మనుషులను కలుపుకుని.

ఈసారి ఎలగందుల, మొలంగూర్, రామగిరి వైపు వెళ్తే ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ గోడల కోసమే రెండు రాజ్యాలు కొట్టుకున్నాయి. ఇప్పుడు వాటి మీద పేర్లు చెక్కుతున్నది మాత్రం మనవాళ్లే. దయచేసి ఆ పని మానేద్దాం.

హైదరాబాద్ వస్తే ఇబ్రహీంబాగ్ దగ్గర కుతుబ్ షాహీ సమాధులు కూడా చూడండి. అక్కడ మనవడి సమాధి ఎత్తుగా, గొప్పగా కనిపిస్తుంది. తాతది దాని ముందు చిన్నది. బతికుండగానే తన కోసం తానే కట్టించుకున్నాడు. లోపల నల్లరాయి మీద చెక్కిన అక్షరాల్లో షా అన్న హంగామా లేదు. జనం ఆయన్ని బడే మాలిక్.. అంటే పెద్ద దొర అని పిలిచేవారని మాత్రం ఉంది.